శిరస్త్రాణముపై స్టిక్కరులు

శరీరావయవములలో శిరస్సు ప్రధానమని పెద్దలు చెప్పుదురు. చేయి విరిగినచో అతుకుకొనును. కాలు విరిగినను కొంతకాలమునకు నడక వచ్చును. కాని మెదడునకు గట్టి దెబ్బ తగిలినచో పూర్వస్థితి కలుగుట మిక్కిలి కష్టము. అందుచేతనే ప్రకృతి మెదడును గట్టి యెముకల పెట్టెలో భద్రపరచినది. నడకకును పరుగునకును ఆ పెట్టె చాలును. మానవుడు అంతకు మించిన వేగమును సంపాదించిన నాటినుండి అది చాలక, దానిపై మరియొక పెట్టె కావలసి వచ్చెను. దానికే శిరస్త్రాణమని పేరు. వ్యవహారములో దానిని హెల్మెట్ అందురు.

ఐరోపాఖండమున ఆల్ప్సు అను గొప్ప పర్వతపంక్తి కలదు. అది ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ, ఆస్ట్రియా మొదలగు దేశములలో వ్యాపించియున్నది. శీతకాలము వచ్చినతోడనే ఆ కొండల వాలులు మంచుతో కప్పబడి, పాలు పారబోసినట్లు తెల్లనగును. అక్కడి ప్రజలు తమ పాదరక్షలకు పొడవైన సన్నని పలకలను బిగించుకొని, చేతులలో రెండు కర్రలు పట్టుకొని, ఆ వాలులపై జారుచుందురు. ఆ పలకలకు స్కీలని పేరు. పూర్వము మంచుదేశములవారికి ఇది ప్రయాణసాధనము. నేడు ఇది ముఖ్యముగా వినోదము, క్రీడ. మన దేశమునను కాశ్మీరమునందలి గుల్మార్గులోను, ఉత్తరాఖండమునందలి ఔలీలోను ఈ క్రీడ కలదు.

మంచుపై రాపిడి మిక్కిలి తక్కువ. అందువలన స్కీలపై జారువాడు మోటారుసైకిలుతో సమానమైన వేగమును సులభముగా పొందగలడు. 2013వ సంవత్సరమున స్విట్జర్లాండులోని వెంగెన్ అను చోట జరిగిన పందెములో ఫ్రాన్సు దేశస్థుడగు జోహాన్ క్లారే గంటకు 161.9 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. అంత వేగము సామాన్యులకు లేకున్నను, వారు జారు దారికి ఇరుప్రక్కల చెట్లు, రాళ్లు ఉండును; ఎదుట ఇతరులు ఉందురు. మంచు మెత్తనిదని తలచుట పొరపాటు. గడ్డకట్టిన మంచు రాతితో సమానము.

అయినను చాలకాలము స్కీ ఆడువారిలో పెక్కుమంది ఉన్నిటోపీతోనే తృప్తి పడిరి. వారి కనులు తెరిపించినవి కొన్ని విషాద సంఘటనలు. 1997 డిసెంబరు 31వ తేదీన అమెరికాలోని ఆస్పెన్ అను చోట, రాబర్టు కెనెడీ కుమారుడగు మైకేల్ కెనెడీ స్కీలపై జారుచు చెట్టును ఢీకొని మరణించెను. అయిదు దినములు గడచినవో లేదో, 1998 జనవరి 5వ తేదీన, గాయకుడును అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడును అగు సానీ బోనో అట్లే చెట్టును ఢీకొని మరణించెను. ఇరువురి తలలపైనను శిరస్త్రాణము లేదు. 2009 మార్చి నెలలో నటాషా రిచర్డ్‌సన్ అను ప్రసిద్ధనటి కెనడాలోని మోంట్రెంబ్లాంట్ కొండపై, క్రొత్తగా నేర్చుకొనువారి వాలుమీదనే పడెను. పడిన వెంటనే ఆమెకు ఏ బాధయు తోచలేదు. కొంతసేపటికి తలనొప్పి వచ్చెను. పుర్రె లోపల రక్తము చేరి మెదడును నొక్కినందున రెండు దినములకు ఆమె మరణించెను. ఆమె తలపైనను శిరస్త్రాణము లేదు.

తరువాత కాలమున శిరస్త్రాణధారణము వేగముగా వ్యాపించెను. ఇటలీదేశము 2005వ సంవత్సరము నుండి పదునాలుగేండ్లలోపు పిల్లలకును, 2022 నుండి పదునెనిమిదేండ్లలోపు వారికిని, 2025 నవంబరు నుండి వయోభేదము లేక అందరకును స్కీ వాలులపై దానిని తప్పనిసరి చేసెను.

శిరస్త్రాణము వచ్చినది. దానితో పాటు దానిని అలంకరించు వేడుకయు వచ్చినది. ఆల్ప్సులో ఒక పాఠశాల బాలికను ఊహింపుడు. ఆమె తాను జారిన ప్రతి కొండకును గుర్తుగా ఒక స్టిక్కరును కొని శిరస్త్రాణముపై అంటించుకొనుచున్నది. మూడు శీతకాలములలో అది రంగురంగుల బొమ్మలతో నిండిపోయినది. అది ఆమెకు ఆభరణము, జ్ఞాపకముల పెట్టె. ఒకనాడు తల్లి శిరస్త్రాణముతో వచ్చిన సూచనల కాగితమును చదివినది. దానియందు, "కర్మాగారము అంగీకరింపని రంగులను, జిగురులను, స్టిక్కరులను దీనిపై వేయరాదు" అని యున్నది. తల్లి భయపడి వెంటనే అన్నింటిని పీకివేయవలెనన్నది. బాలిక, "కాగితమంత పలుచని బొమ్మ గట్టి డొప్పను ఏమి చేయగలదు?" అని అడిగినది. తల్లి భయము నిజమా? బాలిక ప్రశ్న న్యాయమా? దీనికి బదులు చెప్పవలెనన్నచో శిరస్త్రాణము తలను ఎట్లు కాపాడుచున్నదో ముందు తెలిసికొనవలెను.

ఇంగ్లండులో కల్నల్ టి. ఇ. లారెన్సు అను ప్రసిద్ధ సైనికుడు, రచయిత యుండెను. 1935 మే 13వ తేదీన అతడు మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్లపై ఎదురైన ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. తలకు తీవ్రముగా దెబ్బ తగిలి ఆరు దినములకు మరణించెను. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు ఒకడు. ఆయన ఈ మరణమును మరువలేకపోయెను. మోటారుసైకిలు ప్రమాదములలో తలకు తగులు దెబ్బలను గూర్చి ఆయన శ్రద్ధగా పరిశోధించెను. రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైన మొదటి 21 నెలలలో బ్రిటనులో 2,279 మంది మోటారుసైకిలు ప్రయాణికులు మరణించిరని ఆయన 1941వ సంవత్సరపు వ్యాసములో వ్రాసెను. తాను చూచినవారిలో శిరస్త్రాణము ధరించిన వారు ఏడుగురే. ఆ ఏడుగురును బ్రతికిరి. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యము వార్తాహరులగు మోటారుసైకిలు సైనికులకు శిరస్త్రాణమును నిర్బంధము చేసెను. ఒక వైద్యుడు తాను బ్రతికింపలేని యొక రోగిని తలచుకొని చేసిన కృషి వలన లెక్కలేనన్ని ప్రాణములు నిలిచినవి.

నాటి శిరస్త్రాణములకును నేటివానికిని భేదము కలదు. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన లొంబార్డ్ అను శాస్త్రజ్ఞుడు 1953లో ఒక క్రొత్త విధమైన శిరస్త్రాణమునకు హక్కుపత్రము పొందెను. దెబ్బను గట్టిగా ఎదిరించుట మాత్రమేగాక, ఆ దెబ్బ యొక్క శక్తిని లోపలి పొర తనలో ఇముడ్చుకొనునట్లు చేయుట ఆయన యూహ. నేటి శిరస్త్రాణములన్నింటికిని ఇదియే మూలసూత్రము.

స్కీ శిరస్త్రాణమును కోసి చూచినచో ముఖ్యముగా మూడు పొరలు కనబడును. వెలుపలిది గట్టి డొప్ప. దానిని ఏ.బి.ఎస్. అను ప్లాస్టిక్కుతో గాని, పాలికార్బొనేట్ అను ప్లాస్టిక్కుతో గాని చేయుదురు. నడిమి పొర పాలిస్టైరీన్ నురుగు. ఈ పేరు క్రొత్తగా తోచినను వస్తువు క్రొత్తది కాదు. పెండ్లిపందిళ్లలో అలంకారమునకును, పాఠశాలలలో నమూనాలు చేయుటకును వాడు తెల్లని థర్మోకోల్ ఈ జాతిదే. శిరస్త్రాణములోని నురుగు దానికంటె దట్టమైనది, అంతే భేదము. లోపలి పొర తలకు హాయిగా నుండుటకు ఏర్పరచిన మెత్త. వీనికి తోడు గడ్డము క్రింద బిగించు పట్టీ యుండును.

ఈ మూడింటిలో ప్రాణమును కాపాడునది నడిమి పొర. దానిలో గాలి నిండిన సూక్ష్మమైన గదులు అసంఖ్యాకముగా నుండును. తల నేలకు తగిలినపుడు ఆ గదులు నలిగిపోవును. అవి నలుగుచున్న కొలదియు తల కొంచెము కొంచెముగా ఆగును. వెలుపలి డొప్ప పని వేరు. అది మొనదేలిన రాయి నురుగులోనికి దిగకుండ అడ్డుపడును. ఒక చోట తగిలిన దెబ్బను విశాలముగా పంచును. గరుకు నేలపై తల పట్టుకొనక జారిపోవునట్లు చేయును.

చిన్న లెక్కతో ఈ విషయము తేటపడును. ఐరోపా దేశములలో స్కీ శిరస్త్రాణములను ఇ.ఎన్. 1077 అను ప్రమాణము ప్రకారము పరీక్షింతురు. శిరస్త్రాణము తొడిగిన లోహపు తలను సుమారు 1.5 మీటర్ల ఎత్తునుండి ఇనుపదిమ్మెపై పడవేయుదురు. నేలను తాకునప్పటికి దాని వేగము సెకనునకు 5.4 మీటర్లు, అనగా గంటకు సుమారు 19.5 కిలోమీటర్లు అగును. ఆ వేగముతో వచ్చిన తల ఎంత దూరములో ఆగినదనునది ప్రశ్న. పడిన ఎత్తును ఆగిన దూరముతో భాగించినచో, ఆగునపుడు కలుగు వేగక్షయము భూమ్యాకర్షణము వలని త్వరణమునకు ఎన్ని రెట్లో తెలియును. శిరస్త్రాణము లేక 2 మిల్లీమీటర్లలో ఆగినదనుకొందము. 1500ను 2తో భాగింపగా 750 రెట్లు వచ్చును. నురుగు నలిగి 20 మిల్లీమీటర్లలో ఆగినచో 75 రెట్లు మాత్రమే. నిజమైన దెబ్బలో నురుగు ఆద్యంతము ఒకే తీరున నలుగదు గనుక గరిష్ఠము ఇంతకంటె అధికముగా నుండును. అది ఏ క్షణమునను 250 రెట్లు దాటరాదని ఆ ప్రమాణము శాసించుచున్నది. ప్రాణమునకును మరణమునకును నడుమ నున్నది రెండు సెంటీమీటర్ల నురుగు మాత్రమే యని ఇందువలన గ్రహింపవచ్చును.

ఈ లెక్కలో మరియొక హెచ్చరిక కూడ దాగియున్నది. పరీక్షలోని వేగము గంటకు ఇరువది కిలోమీటర్లకు మించలేదు. శిరస్త్రాణము ధరించితినిగదా యని మితిమీరిన వేగముతో పోయి చెట్టును ఢీకొనువానికి అది అభయమీయజాలదు. అది జాగ్రత్తకు తోడేగాని జాగ్రత్తకు బదులు కాదు.

ఇక బాలిక ప్రశ్నకు రావచ్చును. సాధారణమైన స్టిక్కరు మందము మిల్లీమీటరులో కొద్ది భాగము. బరువు లెక్కింపదగినది కాదు. అది నురుగు నలుగుటకు అడ్డుపడదు, ఆగు దూరమును మార్పదు. నునుపైన స్టిక్కరు డొప్ప జారుటకును పెద్దగా ఆటంకము కాదు. బలమును, బరువును మాత్రమే చూచినచో బాలిక మాటయే నిజము.

కాని వస్తువులకు బలముతో పాటు రసాయన స్వభావము కూడ కలదు. స్టిక్కరు వెనుక జిగురుండును. కొన్ని జిగురులలోను, రంగులలోను ద్రావకములు కలిసియుండును. పాలికార్బొనేట్ సుత్తి దెబ్బకు సహితము లొంగని గట్టి పదార్థము. అట్టి పదార్థము అసిటోన్, పెట్రోలు, రంగులు పలుచచేయు థిన్నరు వంటి ద్రవములు తగిలినచో దుర్బలమగును. దానిని అచ్చులో పోసి చల్లార్చినపుడు లోపల కొంత బిగువు నిలిచియుండును. ద్రావకము ఆ బిగువున్న చోటికి చొరబడి, కంటికి కనబడని సన్నని పగుళ్లను కలిగించును. పైకి డొప్ప ఎప్పటివలెనే మెరయుచుండును. దెబ్బ తగిలిన దినమున మాత్రము పగిలిపోవును. ఏ.బి.ఎస్. ప్లాస్టిక్కునకును ఇట్టి ద్రవముల వలన హాని కలుగును. ఇక నురుగు మాట చెప్పనక్కరలేదు. చిన్న థర్మోకోల్ ముక్కపై గోళ్లరంగును తుడుచుటకు వాడు అసిటోన్ ద్రవమును కొన్ని చుక్కలు వేసినచో, ఆ ముక్క చూచుచుండగనే కరగి క్రుంగిపోవును. ఉపాధ్యాయుని సమక్షమున, నిప్పునకు దూరముగా, గాలి వచ్చు చోట చేసినచో ఈ ప్రయోగము విద్యార్థులకు చక్కని పాఠమగును.

ప్రభుత్వములు ఈ సంగతిని ఎన్నడో గుర్తించినవి. అమెరికాలో 1974 నుండి అమలులోనున్న మోటారుసైకిలు శిరస్త్రాణముల ప్రమాణము ప్రకారము, కొన్ని సామాన్య పదార్థముల వలన కంటికి కనబడని తీవ్రమైన హాని కలుగవచ్చునని శిరస్త్రాణముపైననే చీటీ అంటింపవలెను. వాడదగిన రంగులను, జిగురులను, శుభ్రపరచు ద్రవములను కర్మాగారమే తెలుపవలెను. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యవమున ఏర్పడిన 22వ సంఖ్య నిబంధన కూడ, రసాయనములకు లొంగు డొప్పలపై రంగులు, స్టిక్కరులు, పెట్రోలు, ఇతర ద్రావకములు తగులనీయరాదని హెచ్చరిక నుంచవలెనని చెప్పుచున్నది.

అట్లైనచో స్టిక్కరు అంటించిన ప్రతి శిరస్త్రాణమును పనికిరానిదేనా? కాదు. ఇచ్చట విద్యార్థులు ఒక సూక్ష్మమును గమనింపవలెను. "దీనివలన హాని కలదు" అనుట వేరు. "దీనివలన హాని లేదని మేము పూచీపడజాలము" అనుట వేరు. లోకములో స్టిక్కరులు వేలకొలది రకములు. వాని జిగురులన్నింటిని తెచ్చి పరీక్షించుట ఏ కర్మాగారమునకును సాధ్యము కాదు. కావున పరీక్షింపనిదానిని వలదని చెప్పుచున్నది. అది న్యాయమైన మాటయే. నేడు సామాన్యముగా దొరకు స్టిక్కరులలో జిగురు ముందే ఎండియుండును. దానిలో ద్రావకము మిగులుట అత్యల్పము. అట్టిదానివలన కలుగు అపాయము చిన్నది. డొప్పపై నేరుగా రంగు చల్లుట, ఘాటైన వాసనగల జిగురుతో బొమ్మలు అతికించుట, ద్రావకముతో కూడిన సిరాతో వ్రాయుట మొదలగు పనులవలన కలుగు అపాయము దానికంటె పెద్దది.

చిత్రమేమనగా, స్టిక్కరును అంటించుటకంటె పీకుటయందే ఎక్కువ ప్రమాదము కలదు. అంటించినది పాతబడగనే దానిని తొలగింపవలెనని తోచును. బొమ్మ ఊడివచ్చినను జిగురు మిగిలిపోవును. అప్పుడు చాలమంది పెట్రోలులోనో, థిన్నరులోనో గుడ్డ తడిపి రుద్దుదురు. ఎండిన జిగురు చేయలేని చెరుపును ఆ ఒక్క తుడుపు చేయగలదు. గోరువెచ్చని నీరు, మెత్తని సబ్బు, మెత్తని గుడ్డ, కొంచెము ఓపిక ఇందుకు చాలును.

స్టిక్కరులవలన మరి రెండు చిక్కులు కలవు. మొదటిది, అవి పగుళ్లను కప్పివేయును. నలిగిన నురుగు మరల యథాస్థితికి రాదు. కావున పెద్ద దెబ్బ తిన్న శిరస్త్రాణము మరునాడు పనికిరాదు. డొప్పపై చీలిక, సొట్ట, రంగు మార్పు కనబడినపుడు దానిని విసర్జింపవలెను. బొమ్మలతో నిండిన డొప్పపై ఆ చీలిక ఎట్లు కనబడును? గోడపగులుపై పటము వ్రేలాడదీసినచో పగులు పోదు. కనబడుట మాత్రమే మానును. రెండవది, గాలిరంధ్రములను, ప్రమాణచిహ్నమును స్టిక్కరులు కప్పరాదు. రంధ్రములు మూసికొనినచో తల చెమర్చి, కంటి అద్దములపై ఆవిరి పట్టి, దారి కనబడకపోవచ్చును.

పలుచని స్టిక్కరు మాట యట్లుండగా, డొప్పపై పొడుచుకొని వచ్చు వస్తువుల మాట వేరు. కొందరు శిరస్త్రాణముపై చిన్న కెమెరాలను బిగించుకొందురు. 2013 డిసెంబరు 29వ తేదీన మోటారుకారు పందెముల జగజ్జేతయగు మైకేల్ షూమాకర్ ఫ్రాన్సులోని మెరిబెల్ వద్ద స్కీలపై జారుచు పడి, రాతికి తల తగిలి తీవ్రముగా గాయపడెను. ఆయన శిరస్త్రాణము ధరించియే యుండెను. దానిపై కెమెరాయు నుండెను. దెబ్బకు శిరస్త్రాణము పగిలెను. కెమెరావలన దెబ్బ హెచ్చినదా యని లోకమంతయు చర్చించినది. కాని ఆ సంగతి నిశ్చితముగా తేలలేదు. తేలకున్నను జాగ్రత్తకు అడ్డు లేదు. డొప్పకు చిల్లులు పొడిచి ఏ వస్తువును బిగింపరాదు. పొడుచుకొని వచ్చునది నేలను పట్టుకొని మెడను త్రిప్పవచ్చును. దెబ్బనంతయు ఒక చోటనే చేర్పవచ్చును.

ఆల్ప్సు వాలులకును తెలుగువారి వీథులకును దూరము చాల కలదు. శిరస్త్రాణధర్మము మాత్రము ఒక్కటే. తెలుగు నగరములలో మోటారుసైకిలువారి శిరస్త్రాణములపై దేవతామూర్తులు, సినిమా నటుల బొమ్మలు, కళాశాలల పేర్లు తరచుగా కనబడును. పెట్రోలులో తడిపిన గుడ్డతో బండిని తుడిచి, అదే గుడ్డతో శిరస్త్రాణమును తళతళలాడించు అలవాటును కొందరికి కలదు. మెరుపు కొరకు చేసిన ఆ పని బలమును హరింపవచ్చునని వారెరుగరు. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 129వ విభాగము ద్విచక్రవాహనముల వారికి శిరస్త్రాణమును విధించినది. అట్టి శిరస్త్రాణములకు ఐ.ఎస్. 4151 అను భారతీయ ప్రమాణము కలదు. 2021 జూన్ 1వ తేదీనుండి ఐ.ఎస్.ఐ. చిహ్నము తప్పనిసరి అయినది. ఆ చిహ్నమే ముఖ్యమైన స్టిక్కరు. దానిని మరియొక బొమ్మతో కప్పుట తెలివిగల పని కాదు. చిహ్నమున్న శిరస్త్రాణమును కొని, పట్టీని బిగింపక తలపై ఊరక పెట్టుకొనుట అంతకంటెను తెలివితక్కువ. పడునపుడు తలకంటె ముందు అదియే దూరముగా దొర్లిపోవును.

మరల ఆల్ప్సులోని బాలిక యొద్దకు పోవుదము. తల్లియు కుమార్తెయు కలిసి శిరస్త్రాణమును బల్లపై నుంచి పరిశీలించినారనుకొందము. నూనె గాని, ఘాటైన ద్రవములు గాని వాడక, గోరువెచ్చని నీటితో మెల్లగా ఒక్కొక్క బొమ్మను తీసినారు. చివరి బొమ్మ క్రింద వెంట్రుక వంటి చీలిక యొకటి కనబడినది. అది బొమ్మవలన పుట్టినది కాదు. క్రిందటి శీతకాలమున బాలిక మంచురాతిపై పడినపుడు ఏర్పడినది. ఆ దినమున ఆమె నవ్వుచు లేచినది. ఎవరును శిరస్త్రాణమును పరీక్షింపలేదు. బొమ్మ దానిని ఒక సంవత్సరము దాచియుంచినది. తల్లి భయపడిన కారణము వేరు. నిజమైన అపాయము వేరు. అయినను ఆ భయము పరీక్షకు దారితీసినది గనుక వ్యర్థము కాలేదు. బాలిక ప్రశ్నయు వ్యర్థము కాలేదు. భయము ప్రశ్నను పుట్టింపవలెను. ప్రశ్న పరీక్షకు నడిపింపవలెను. జ్ఞానమునకు మార్గమిదియే.

ఆ పాత శిరస్త్రాణము ఇక తలపై నుండదగదు. దానిని బొమ్మలతో సహా గదిలోని గూటియందు జ్ఞాపకముగా నుంచుకొనవచ్చును. క్రొత్తదానిపై అలంకారము కావలసినచో కర్మాగారమువారు అంగీకరించిన స్టిక్కరులను ఒకటి రెండు, చిహ్నములను రంధ్రములను విడిచి, తక్కిన డొప్ప కంటికి కనబడునట్లు అంటించుకొనవచ్చును. సందేహము తోచినచో ఏదియు అంటింపకుండుటయే మేలు. తలపైనున్నది ఎంత అందముగా నున్నదని లోకము చూచును. పడిన క్షణమున అది ఎంత దృఢముగా నున్నదనియే నేల చూచును. బుద్ధిమంతుడు ముందుగా నేల అడుగు ప్రశ్నకు సిద్ధపడవలెను. తరువాత లోకము అడుగు ప్రశ్నకు.

ప్రశ్నలు

1. హ్యూ కెయిర్న్స్ పరిశోధనకు కారణమైన సంఘటన ఏది? దానివలన కలిగిన ఫలితమేమి?

2. శిరస్త్రాణమునందలి మూడు పొరల పేర్లను, వాని ప్రయోజనములను వ్రాయుము.

3. 1.5 మీటర్ల ఎత్తునుండి పడిన తల 15 మిల్లీమీటర్లలో ఆగినచో వేగక్షయము భూమ్యాకర్షణ త్వరణమునకు ఎన్ని రెట్లగును?

4. స్టిక్కరును అంటించుటకంటె తొలగించుటయందు ఎక్కువ ప్రమాదము కలదని ఎందుకు చెప్పబడినది?

5. "హాని కలదు", "హాని లేదని పూచీపడజాలము" అను రెండు మాటలకు గల భేదమును మరియొక ఉదాహరణముతో వివరింపుము.